ఫోన్లోంచి పోని వరికంకుల బ్లౌజు

బాన్సువాడలో నేను వెబ్‌సైట్లు చేస్తానని తెలిసినవాళ్ళలో సగం మంది ఆధార్ కార్డు ప్రింటు తీసిమ్మని వస్తారు. మిగతా సగం ఫోన్ హ్యాంగవుతోందని తెచ్చి ఇస్తారు. మా ఆయనకు ఇక్కడి బడికి బదిలీ అయిందని హైదరాబాదులో ఉద్యోగం వదిలి వచ్చిన కొత్తలో, నా పని అది కాదని ఓపికగా చెప్పేదాన్ని. తరవాత చెప్పడం మానేసి ఒక ప్రింటరు కొన్నాను. నిజంగా వెబ్‌సైటే కావాలని మా గడప తొక్కిన మొదటి మనిషి ఆపా.

ఊళ్ళో అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అనే పిలుస్తారు, నేనూ అంతే. బస్టాండు దగ్గర చీరల కొట్టు పైన ఆమె మగ్గం వర్క్ బ్లౌజుల దుకాణం. నలుగురు ఆడవాళ్ళు చట్రాల ముందు కూర్చుని జరీ, పూసలు కుడుతుంటారు. డిజైన్లు మాత్రం ఆపావే. వర్ని నుంచి పిట్లం దాకా పెళ్ళి కుదిరిన ఇంట్లో చీర కొన్నాక వెళ్ళేది ఆమె దగ్గరికే.

"చెల్లె, వాట్సాప్‌ల ఫోటో పంపు, ఇంకోటి పంపు, అని పానం తీస్తుండ్రు అందరు. ఒక్క లింక్ ఇచ్చేస్త. ఇగ వాళ్ళే చూస్కుంటరు. చేస్తవా?" అంది.

చేశాను. ప్రతి డిజైన్‌కూ ఒక నంబరు, దాని కింద ఫోటో. ఫోటోలు పెట్టడం, తీయడం ఆపాయే దుకాణంలోని కంప్యూటర్ మీద చేసుకునేటట్టు నేర్పాను. కొన్నాళ్ళు హాయిగా నడిచింది. ఆ తరవాత ఆపా కొత్త ఫోన్ కొంది.

ఆ ఫోన్ కెమెరాలో ప్రతి పూసా విడిగా కనిపిస్తుంది. ఆపా మురిసిపోయి, దుకాణంలో ఉన్న ప్రతి బ్లౌజునూ ముందు నుంచి, వెనక నుంచి, చేతుల దగ్గర నుంచి ఫోటోలు తీసి సైటు నిండా పెట్టేసింది. పెద్ద గోడ మీద అతికించుకోదగ్గ ఫోటోలవి. వాటిని అరచేతిలో పట్టే ఫోన్‌లో, నస్రుల్లాబాద్ పొలాల మధ్య ఉన్న ఇంట్లో కూర్చుని ఒక అమ్మాయి తెరవాలి. తెల్లటి తెర మీద గుండ్రం తిరుగుతూ ఉంటుంది. అర బ్లౌజు వస్తుంది. మిగతా సగం వచ్చేలోపు ఆ అమ్మాయికి విసుగొచ్చి ఆపాకు ఫోన్ చేస్తుంది. ఆపా నాకు చేస్తుంది.

"చెల్లె, నీ వెబ్‌సైట్ తెరుస్తలేదు."

సైటు బాగున్నన్నాళ్ళూ అది "నా వెబ్‌సైట్". తెరుచుకోని రోజున "నీ వెబ్‌సైట్". ఈ భాష నాకు అలవాటయింది కానీ ఒళ్ళు మండడం మాత్రం తగ్గలేదు.

వెళ్ళి కూర్చుని చెప్పాను. ఫోటోలు మరీ బరువుగా ఉన్నాయి, తగ్గించాలి.

"తగ్గించుడంటే?"

"కంప్రెస్ చేస్తాం ఆపా. కంటికి తెలియకుండా బరువు తగ్గిస్తాం."

ఆమె ఒళ్ళో ఉన్న బ్లౌజును దగ్గరికి లాక్కుంది. "అంటే పిసుకుతవా? నా జరీని పిసికి చూపిస్తవా? మెరుపు పోతే ఎవలొస్తరు నా దగ్గరికి? గందుకేనా నేను గింత మంచి ఫోన్ కొన్నది?"

ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఒకే బ్లౌజువి రెండు ఫోటోలు, ఒకటి ఆమె తీసినది, ఒకటి నేను తగ్గించినది, పక్కపక్కన పెట్టి ఏది బాగుందో చెప్పమన్నాను. ఆపా కళ్ళజోడు తుడుచుకుని తెర మీదకు వంగి చాలాసేపు చూసింది. నేను తగ్గించినదాని మీద వేలు పెట్టి, "ఇగో, ఇది. మెరుపు జూడు. గదేమో జర మబ్బుగుంది" అంది.

అదే తగ్గించినదని చెప్పాను. ఆమె ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అయితే గట్లనే చెయ్యి, గింతసేపు నన్ను ఎందుకు పరేషాన్ జేస్తున్నవ్?" అంది. కుడుతున్న నలుగురూ తలలు వంచుకుని నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఫోటోల పని అయ్యాక రెండోది. మన సైటు ఉండే సర్వర్, పేజీలోని రాతనూ దాని రూపానికి సంబంధించిన ఫైళ్ళనూ మడత పెట్టి చిన్నగా చేసి పంపగలదు. అవతలి ఫోన్ మడత విప్పుకుని చూపిస్తుంది. ఇందులో నష్టపోయేది ఏమీ ఉండదు. ఆ ఏర్పాటు ఆన్ చేసి ఉండాలి, అంతే. మా సైటుకు సర్వర్లో చోటు అద్దెకిచ్చిన కంపెనీ దాన్ని ఆపి పెట్టింది. నా వైపు నుంచి ఆన్ చేస్తే పనిచేయడం లేదు. వాళ్ళ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. పాట వినిపించారు. మళ్ళీ పాట. తరవాత ఒకతను వచ్చి, "మేడమ్, మీ బ్రౌజర్‌లో క్యాష్ క్లియర్ చేసి చూడండి" అన్నాడు.

దాచుకున్న పాత పేజీలు తుడిచేయమని దాని అర్థం. సమస్య నా బ్రౌజర్‌లో లేదు, మీ సర్వర్‌లో ఉంది, అన్నాను. అర్థమైందన్నాడు. రెండు నిమిషాలు ఆగమన్నాడు. పాట. ఇంకొకరు వచ్చారు. మొదటి నుంచి చెప్పాను. "క్యాష్ క్లియర్ చేశారా మేడమ్?" అని అడిగారు. అన్నం పొయ్యి మీద పెట్టి మాట్లాడుతున్నాను. గిన్నె అడుగంటింది. ఆ వారంలో అలా ఎంతమందికి చెప్పానో! అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఎవరూ వినలేదు. చివరికి ఒక ఉదయం నేనేమీ చేయకుండానే అది పనిచేయడం మొదలుపెట్టింది. ఎవరు ఆన్ చేశారో, ఎందుకు చేశారో ఈనాటికీ తెలియదు.

మూడోది క్యాషింగ్. ఒకసారి సైటు చూసినవాళ్ళ ఫోన్‌లోనే డిజైన్ పేజీలనూ ఫోటోలనూ దాచి ఉంచమని చెప్పడం. మళ్ళీ తెరిచినప్పుడు అవి దూరం నుంచి రానక్కర్లేదు, ఫోన్‌లోంచే వస్తాయి. పెళ్ళివాళ్ళు ఒకే డిజైన్‌ను ఇంటిల్లిపాదికీ చూపిస్తూ పది సార్లు తెరుస్తారు కాబట్టి మాకు ఇది చాలా అవసరం. ఆపాకు ఇదంతా చెప్పడం నా తెలివితక్కువతనం.

"దాచిపెడతదా? వాళ్ళ ఫోన్ల? నా డిజైన్లన్నీ?" ఆమె సూది పక్కన పెట్టింది. "అంటే బోధన్‌ల ఎవలన్న టైలర్ నా సైట్ చూస్తే, నా మాల్ అంత వాని ఫోన్ల ఉంటదన్నట్టా?"

"చూస్తున్నాడంటేనే ఫోటో వాడి ఫోన్లోకి వచ్చినట్టు కదా ఆపా. కావాలంటే ఇప్పుడు కూడా ఫోటో తీసుకోవచ్చు."

"తీస్కునుడు వేరె. మనమే ఇంటికి పోయి ఇచ్చి వచ్చుడు వేరె."

దీనికి జవాబు చెప్పడానికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది. మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది. ఇద్దరు కస్టమర్లు వచ్చి వెళ్ళారు. ఆఖరికి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఒక మాట గట్టిగా చెప్పాను. "ఒక నంబరులో ఉన్న ఫోటో తీసి, అదే నంబరులో ఇంకోటి పెట్టకు. పాతది చూసినవాళ్ళకు పాతదే కనబడుతుంది. కొత్త ఫోటోకు కొత్త నంబరు ఇయ్యి."

"ఆఁ, ఆఁ" అంది దారానికి ముడి వేస్తూ. పళ్ళతో దారం తెంపుతూ మళ్ళీ ఒకసారి "ఆఁ" అంది.

సైటు ఎగిరొచ్చినట్టు తెరుచుకోవడం మొదలైంది. మా అత్తగారి పాత ఫోన్‌లో కూడా వేలు పెట్టీ పెట్టగానే బ్లౌజులు వరసగా వచ్చాయి. నేను ఆపా దుకాణానికి వెళ్ళి చూపించాను. ఆమె చూసి, "మొన్న కొత్త టవర్ ఏసిండ్రు గదా, గందుకే" అంది. ఆ రోజు నేను ఇంటికి నడిచి వచ్చాను. ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు.

వర్ని దగ్గరి ఊరి నుంచి ఒక అమ్మాయి పెళ్ళి బ్లౌజుకు వచ్చింది ఆ రోజుల్లోనే. ఆమెది తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కాలవ కింద పొలాలు కొనుక్కున్న కుటుంబం. ఇంట్లో ఇప్పటికీ ఆ యాసే. ఆ అమ్మాయి డిజైన్ తనే కాగితం మీద గీసుకుని తెచ్చింది. నెమళ్ళు, ఏనుగులు, పల్లకీలు వద్దంది. మోచేతి దాకా చేతుల మీద బరువుకు వంగిన వరికంకులు కావాలంది. ఒక్కో గింజా జరీతో విడిగా కుట్టాలి. ఆపా అలాంటిది ఎన్నడూ కుట్టలేదు. నలుగురినీ పక్కన పెట్టి తనే కూర్చుని కుట్టింది. ఒక చెయ్యి పూర్తయిన రోజున పట్టలేక ఫోటో తీసి సైటులో పెట్టేసింది.

ఆ అమ్మాయి చూసి లబలబలాడింది. పెళ్ళి రోజు దాకా ఎవరికంటా పడకూడదని ఆమె ఆశ. ఆపా వెంటనే క్షమించమని, తీసేస్తానని చెప్పింది. తీసేసింది కూడా. ఎలా తీసిందంటే, అదే నంబరులో ఇంకో బ్లౌజు ఫోటో పెట్టింది. దుకాణం కంప్యూటర్‌లో చూసుకుంది, కంకులు లేవు, ఎర్ర బ్లౌజు ఉంది. ఫోటోలు మార్చే చోటని ఆ కంప్యూటర్ ఏదీ దాచుకోకుండా నేనే చేసి పెట్టాను. ఆపా నిశ్చింతగా భోజనానికి వెళ్ళింది.

రెండు మూడు రోజులకు నాకు ఫోన్ వచ్చింది. "చెల్లె, జల్ది రా. ఇక్కడ నన్ను అబద్ధాలకోరు అంటుండ్రు." వెనక నుంచి అరుపులు వినిపిస్తున్నాయి.

వెళ్ళేసరికి దుకాణంలో ఆ అమ్మాయి, వాళ్ళమ్మ, ఆపా నిలబడి ఉన్నారు. కుట్టేవాళ్ళు చట్రాలకు అతుక్కుపోయి చెవులు మాత్రం ఇటు పెట్టారు.

"తీసేశానని ఒట్టేసి చెప్పిందండీ ఈవిడ," అంది వాళ్ళమ్మ నన్ను చూడగానే. "ఇదిగో, చూడండి, మా పిల్ల ఫోన్‌లో. ఇవి కంకులు కాదా? మా కళ్ళు పోయాయా?"

"ఇగో, మీరు ఇటు చూడుండ్రి!" ఆపా కంప్యూటర్ తెరను వాళ్ళ వైపు తిప్పింది. "ఏడున్నయ్ కంకులు? ఎర్ర జాకెట్ గదా? కసం తిని చెప్తున్న, నేను తీసేసిన."

అదే పేజీ, అదే నంబరు. కంప్యూటర్‌లో ఎర్ర బ్లౌజు, ఫోన్‌లో వరికంకులు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఇద్దరూ ఎదుటివాళ్ళను దొంగను చూసినట్టు చూస్తున్నారు. నేను ఆపా వైపు చూశాను. "అదే నంబరులో పెట్టావు కదూ?"

"మరి ఏంది? ఆ నంబర్ ఖాళీ ఉంచమంటవా?"

కోపం నెత్తికెక్కింది. కానీ పెళ్ళివాళ్ళ ముందు ఏమంటాను? ఆ అమ్మాయి పక్కన కూర్చుని చెప్పాను. మీరు మొదట చూసినప్పుడే ఈ ఫోటోను మీ ఫోన్ దాచుకుంది, ఇప్పుడు సైటును అడగకుండా ఆ దాచినదే చూపిస్తోంది, అని. ఆమె నమ్మలేదు. నేను ఆపా తరఫు మనిషినని ఆమె ముఖంలోనే కనబడుతోంది.

"మీ ఫోన్ ఇస్తే దాచినవి తుడిచేస్తాను. తరవాత మీరే చూడండి."

"నా ఫోటోలు పోతాయా అండీ?"

"పోవు. గ్యాలరీ జోలికే వెళ్ళను."

సెట్టింగుల్లోకి వెళ్ళి, నేనేం నొక్కుతున్నానో ప్రతిదీ ఆమెకు చూపిస్తూ తుడిచాను. సైటు మళ్ళీ తెరిచింది. ఎర్ర బ్లౌజు వచ్చింది. తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆపా రెండు చేతులూ పైకి లేపి, "అల్లా, చూస్తున్నవ్ గదా" అంది. అయిపోయిందనుకున్నాను.

వాళ్ళమ్మ మెల్లగా అడిగింది. "మరి ఇంతకు ముందు చూసినవాళ్ళ ఫోన్లలోనో?"

"ఉంటుందండీ."

"తీసెయ్యండి మరి."

"వాళ్ళ ఫోన్లు నా చేతిలో లేవు కదండీ. ఇక్కణ్ణుంచి తీయడం కుదరదు."

"ఎన్నాళ్ళుంటుంది?"

చెప్పడానికి నాకే ఇబ్బందిగా అనిపించింది. ఫోటోలు మారవు కదా అని అందరూ పెట్టినట్టే నేనూ గడువు పొడుగ్గా పెట్టాను. "ఏడాది దాకా ఉండొచ్చు."

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమ్మా, నేను వదినకి లింక్ పంపాను." పెళ్ళికొడుకు అక్కట. ఆమె కూడా ఇక్కడే కుట్టించుకుంటానంటే, డిజైన్లు చూసుకోమని ఈ అమ్మాయే పంపిందట. సరిగ్గా కంకుల ఫోటో ఉన్న రోజునే.

"ఆవిడ చూసి ఉండదులే," అంది వాళ్ళమ్మ.

ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే పద్ధతి మార్చేశాను. ఇక ఆపా ఏ నంబరులో ఏ ఫోటో పెట్టినా, లోపల దానికి తనంతట తానే కొత్త పేరు పడుతుంది. కొత్త పేరు చూసి ఫోన్ కొత్త ఫోటోనే తెచ్చుకుంటుంది. పేజీ కోసం మాత్రం తెరిచిన ప్రతిసారీ ఫోన్ సైటును అడిగి తీరాలి. ఆపా చెప్పినమాట వింటుందన్న ఆశ మీద ఏదీ కట్టకూడదని అప్పటికి నాకు బాగా తెలిసొచ్చింది. కానీ ఇప్పటికే దాచుకున్న ఫోన్లకు ఈ మార్పు తెలియదు, పెళ్ళికూతురి తల్లి అడిగిన ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పని అయిపోయినా విసుగు పోలేదు. వేగంగా చేరాలని నేను ఎన్ని తిప్పలు పడ్డానో, ఆ కంకుల ఫోటో అంత గట్టిగా వాళ్ళ ఫోన్లలో కూర్చుంది. వెనక్కి పిలిచే దారి ఏ కంపెనీ హెల్ప్‌లైన్‌లోనూ లేదు.

నాలుగు రోజులు గడిచాయి. ఆపా ఫోన్ చేసింది. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడింది. అలా మాట్లాడితే నాకు భయం.

"చెల్లె, గా పెళ్ళికొడుకు అక్క ఫోన్ చేసింది పిట్లం నుంచి. వరికంకుల జాకెట్ కావాల్నట. పెళ్ళికి ఏసుకుంటదట. మా దగ్గర గా డిజైన్ లేదమ్మా అన్న. ఉంది, నా ఫోన్ల కనిపిస్తుంది అన్నది. నీ ఫోన్ల ఖరాబైందేమో అన్న. స్క్రీన్‌షాట్ తీసి పంపింది. ఇప్పుడేం జెయ్యాలె?"

"నన్నడుగుతావేంటి ఆపా? కుట్టనని చెప్పు."

"ఆడబిడ్డకు కుట్టనంటే రేపు గా పిల్లకు కష్టం గాదా? కుడితే నాకు కష్టం. నువ్వే ఏదో జెయ్యి. ఆమె ఫోన్లకెళ్ళి తియ్యి."

తీయలేనని మళ్ళీ చెప్పాను. ఎందుకు తీయలేవని మళ్ళీ అడిగింది. ఆ సంభాషణ ఇక రాయను, నాకే ఓపిక లేదు. చివరికి ఇద్దరం కలిసి పెళ్ళికూతురికే చెప్పేద్దామని నిర్ణయించుకున్నాం. దాచిపెడితే పెళ్ళి రోజున అందరి ముందూ బయటపడుతుంది. అది ఇంకా ఘోరం.

ఆ అమ్మాయి తల్లితో వచ్చింది. ఆపా స్క్రీన్‌షాట్ చూపించింది. అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాలాసేపు ఆ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి చూసింది. నేను తగ్గించిన ఫోటో కదా, ఎక్కువ పెద్దది చేస్తే గింజలు మసకబారుతున్నాయి. వాళ్ళమ్మే గొణిగింది, అంత బాగుంటే తన పెళ్ళప్పుడు కుట్టించుకోవాల్సింది, మన పిల్ల పెళ్ళే దొరికిందా, అని.

అమ్మాయి లేచి ఆపా దారాల డబ్బా దగ్గరికి వెళ్ళింది. జరీ రీళ్ళు పక్కకు తోసి, లేత పచ్చ పట్టుదారం ఒకటి ఏరి తెచ్చింది.

"ఆవిడకి దీంతో కుట్టండి. ఇంకా పాలు పోసుకుంటున్న కంకి. వంగకుండా నిలువుగా ఉండాలి."

ఆపా దారం వెలుతురుకు పట్టి చూసింది. "నీది పండిన కంకి, ఆమెది పచ్చి కంకి."

"ఆవిడ నాకన్నా పదేళ్ళు పెద్దండీ. కంకి మాత్రం నా కంకి కన్నా చిన్నది," అంది అమ్మాయి. వాళ్ళమ్మ ఆమె భుజం మీద ఒకటి వేసి, మొదటిసారి నవ్వింది. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళకో ఆ దుకాణంలో.

పెళ్ళికి నన్నూ ఆపానూ పిలిచారు. పెళ్ళికూతురు చేతులెత్తినప్పుడల్లా బంగారు కంకులు మెరిశాయి. పక్కనే ఆడపడుచు పచ్చ కంకులు వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ చెయ్యి చాచి చూపిస్తోంది. ఇద్దరూ కలిసి ముందే అనుకుని కుట్టించుకున్నారని ఆడవాళ్ళంతా మెచ్చుకున్నారు. పెళ్ళికూతురు కాదనలేదు. ఆడపడుచు మా దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఆపా, మీ సైట్ మస్తుంది. ఫోటోలు ఫటాఫట్ వస్తయ్. ఇగ బస్సుల సిగ్నల్ లేనప్పుడు గూడ ఈ జాకెట్ కనిపించింది నాకు, గప్పుడే ఫిక్సయిన" అంది. నేను పడిన కష్టాన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. మెచ్చుకున్నది ఏ సంగతినో తెలిసి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

తిరుగు బస్సులో సీటు దొరికింది. ధాన్యం లారీల వెనక బస్సు నత్తలా పోతోంది. ఆపా చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది. పెళ్ళిలో కొత్తగా వచ్చిన ఆర్డర్లు చెప్పుకొచ్చింది. తరవాత నా మోచేతిని పొడిచి, "చెల్లె, పిల్లల ఫ్రాకులకు గూడ ఒక వెబ్‌సైట్ చేద్దాం" అంది.

చేయనని చెప్పాను. నాకు ఓపిక లేదు, వేరే ఎవరినైనా చూసుకో, అన్నాను. ఆపా కిటికీలోంచి పొలాలు చూస్తూ అంతా శ్రద్ధగా విన్నది.

"సరే, సోమారం ఫోటోలు పంపుత," అంది.